బాగా రాలేదు

తలుపు తియ్యకూడదు. గంటసేపు ఓవెన్ తలుపు తియ్యకూడదు, లోపలి ఇనుముకి బయటి గాలి తగలకూడదు, మధ్యలో లేచి ఎక్కడికీ పోకూడదు. నాగేంద్రబాబు సార్ పైకి స్నానానికి పోతూ చెప్పిన మాటలన్నీ కూడదు, కూడదు, కూడదు. ఆ ఇనుముని రెండు రోజులు నానబెట్టి తోమింది నేను, ఆరబెట్టింది నేను, రంగు పూసింది నేను, ఓవెన్‌లో ఏటవాలుగా పెడితే తప్ప పట్టదని కనిపెట్టింది నేను. తలుపు తియ్యకూడదని మాత్రం ఆయన నాకు చెప్పాలి. అరబ్బు దేశం, మిర్దిఫ్ పేటలో ఈ విల్లా వెనక గరాజు, జూన్ నెల, సాయంత్రం నాలుగు, ఫ్యాను తిరుగుతుంటే వేడి గాలే తిరిగి తిరిగి మొహాన కొడుతోంది. పైగా ఇవాళ ఆదివారం. ఆదివారం నాకు సెలవని నా కాంట్రాక్టులో అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది. తెలుగులో రాయలేదు కాబట్టి కాబోలు ఈ తెలుగు వాళ్ళింట్లో ఎవరికీ అర్థం కాదు. పొద్దున ప్రార్థనకి పోయి, అట్నుంచి నైఫ్‌లో సుహానా గదికి పోయి, ఈపాటికి కాళ్ళు చాపుకుని పడుకుని ఉండాల్సిన దాన్ని. సుహానాది నెల్లూరు, అక్కడే కుట్టు షాపులో పని, ఆరుగురున్న గదిలో తన పరుపు పక్కన నాకెప్పుడూ కాస్త చోటు ఉంచుతుంది. పొద్దున ఫోన్ చేసి రానని చెప్తే, మళ్ళీ ఇనుమేనా అంది. మళ్ళీ ఇనుమే.

ఈ ఓవెన్ నాకు పాత చుట్టమే. సార్ భార్య దేవి మేడమ్ కొత్తది కొనుక్కున్నాక దీన్ని గరాజుకి తోసేశారు, అంతకు ముందు ఇందులో ఎన్ని కేకులు, ఎన్ని కోళ్ళు కాల్చానో లెక్కలేదు. ఇప్పుడు మానిఫోల్డు కాలుతోంది. నాలుగేళ్ళ కింద ఈ మాట నా నోరు తిరిగేది కాదు. ఇంజను పక్కన ఉంటుంది, ఇంజను వదిలే పొగని నాలుగు నోళ్ళతో పీల్చి ఒక్క గొంతులోంచి కిందికి పంపుతుంది. మొదటిసారి చూసినప్పుడు తలకిందులుగా పెట్టిన ఆవు పొదుగు అనుకున్నాను, ఆ మాట అంటే సార్ కడుపు పట్టుకుని నవ్వారు, ఆ సాయంత్రం భోజనాల దగ్గర స్నేహితులకి అదే చెప్పి మళ్ళీ నవ్వారు, తనకే తోచినట్టు చెప్పారు. ఎదురుగా ఉన్న ఈ ఎర్ర బండి పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో అమెరికాలో పుట్టింది, నాకంటే పదమూడేళ్ళు పెద్దది. ఇలాంటి వాటిని మజిల్ కార్లంటారట, కండల బండ్లు. కండలు ఎవరివో నాకు తెలుసు. మోచేతుల దాకా తెలుసు.

ఇంకా యాభై నిమిషాలు. వంటింట్లో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఒక కాగితం ఉంది. ఇంకో రెండేళ్ళు ఈ ఇంట్లోనే పని చేస్తానని నేను సంతకం పెట్టాల్సిన కాగితం. గురువారంతో నా వీసా అయిపోతుంది, రేపు పొద్దున్నే ఆ కాగితం వీసా అర్జీలు పెట్టే టైపింగ్ సెంటరుకి పోవాలి, అందుకని నిన్నటి నుంచి దేవి మేడమ్ నీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ, ఏం అచ్చాయమ్మా, పెన్ను దొరకలేదా అంటున్నారు. పెన్ను దొరికింది. నాకు దొరకంది ఒక్క మాట. ఆ మాట మెకానిక్ అజ్మతుల్లా నోట్లో ఉంది. ఐదింటికి ఈ మానిఫోల్డు బిగించడానికి వస్తాడు, ఆ లోపల సార్‌ని అడిగి రిలీజ్, అంటే ఇంకో చోట పనికి పోవడానికి ఒప్పుదల, ఇప్పిస్తానన్నాడు. ఇప్పిస్తే అల్ ఖూజ్‌లో అతని షాపులో పనికి పోతాను. అడక్కపోతే రాత్రికి సంతకం పెట్టాలి. రెండేళ్ళంటే నాకు నలభై ఐదు వస్తాయి, మోకాళ్ళు ఇప్పుడే మెట్ల మీద నన్ను తిడుతున్నాయి.

అజ్మతుల్లాది రాయచోటి. బిగుసుకుపోయి విరిగిన బోల్టులు పీకడానికి మొదటిసారి వచ్చినప్పుడు, నేను టార్చి పట్టుకుని నిలబడితే, అక్కా కొంచెం ఇట్ల జరుపు అన్నాడు. ఈ గరాజులో నన్ను అక్కా అన్న మొదటి మనిషి. ఆ ఒక్క మాటకి ఇంకో రెండు గంటలు టార్చి దించకుండా నిలబడ్డాను, ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది, ఒక్క మాటకి అంత లొంగిపోతారా ఎవరన్నా. బోల్టులు ఎలా బిగించాలో అతనే చూపించాడు. చివర్న ఉన్నవి ముందు బిగిస్తే ఇనుము చెవి పటుక్కున విరుగుద్దక్కా, నడిమివి ముందు, కొంచెం కొంచెం, తర్వాత పక్కలకి. నులక మంచం బిగించినట్టే ఉంది, ఒకచోటే లాగేస్తే కోడు లేస్తుంది, అంతటా తిరుగుతూ లాగాలి. ఆ మాట సార్‌కి చెప్తే, నువ్వు నాకు ఇంజనీరింగ్ చెప్తున్నావా అచ్చాయమ్మా అన్నారు. భీమవరం మాట, తియ్యగానే ఉంటుంది, మన గోదావరి మనిషివని నిన్ను పనిలో పెట్టుకున్నాను అని ఎంత తియ్యగా అన్నారో ఇదీ అంత తియ్యగానే అన్నారు. అని, చివరి బోల్టు నుంచే మొదలుపెట్టారు. చెవి విరిగింది. విరిగిన చెవి వంక కాకుండా నా వంక చూశారు.

తోమడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. రాజోలులో పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే షాపులో పదకొండేళ్ళు గుండిగలు తోమాను. రాత్రి రెండొందల మందికి పప్పుచారు కాచిన గుండిగ, అడుగున నల్లగా మాడి, పొద్దున్నే షాపుకొస్తే మధ్యాహ్నానికి మెరిసిపోవాలి, సాయంత్రం ఇంకో పెళ్ళికి పోవాలి. షాపాయన ప్రతి గుండిగలోకీ తల దూర్చి చూసేవాడు, చూసి ఏమీ అనేవాడు కాదు, ఏమీ అనకపోతే బాగుందని అర్థం. ఇక్కడ సార్ ఆ ఇనుము తుప్పు వదలడానికి ఏవో డబ్బాలు తెప్పించారు, మూత తీస్తే ముక్కు పుటాలు మండేవి, అందులో వేస్తే తుప్పు పోయి మచ్చలు తేలాయి, చిరుతపులి ఒళ్ళులాగా. నాకు చూడబుద్ధి కాలేదు. చింతపండు తెచ్చి, బట్టల టబ్బులో పిసికి, కల్లుప్పేసి, రెండు రోజులు ముంచి ఉంచి, పళ్ళు తోముకునే బ్రష్షుతో సందు సందూ తోమితే, లోపల్నుంచి బూడిద రంగు ఇనుము బయటికొచ్చింది, అప్పుడే పోత పోసినట్టు. అచ్చులో పడ్డ అంకెలు కూడా ఒక్కోటీ విడివిడిగా కనపడ్డాయి. సార్ చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏం వేశావు అన్నారు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆ నెల నుంచి దేవి మేడమ్, ఇంట్లో చింతపండు ఇంతెందుకు అవుతోంది, పులుసు తాగుతున్నావా అని నన్నే అడుగుతారు.

కడగ్గానే తుడవాలి, తుడవగానే ఎండలో పెట్టాలి, గాలిలో చెమ్మ ఉన్న రోజు అరగంటలో ఎర్రటి పొర మళ్ళీ లేస్తుంది. తర్వాత థిన్నర్‌తో తుడిచి, చెయ్యి తగలకుండా రంగు వెయ్యాలి. మొదటి దానికి ఈ సంగతి తెలియలేదు. తలకి రాసుకున్న కొబ్బరి నూనె, జడ సవరించుకున్న చేత్తోనే ఎత్తి ఓవెన్‌లో పెట్టాను. కాలి బయటికొచ్చాక చూస్తే రంగు మీద నా ఐదు వేళ్ళూ గోధుమ రంగులో అచ్చు పడి ఉన్నాయి, బొటనవేలి గీతలతో సహా. సార్ అరిచిన అరుపు పక్క విల్లా దాకా పోయింది. మళ్ళీ గీకి మళ్ళీ మొదట్నుంచి. అప్పట్నుంచి ఈ పని ఉన్న రోజు తలకి నూనె రాయను, వంటింట్లోకి పోయి వస్తే మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటాను, నీలం గ్లవ్స్ వేసుకుంటాను. ఆ గ్లవ్సే నా కొంప ముంచాయి. సార్ ఫోన్ నా చేతుల మీదికి వంచి వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు, నీలం గ్లవ్స్ వేసుకున్న చేతులు, సన్న కుంచె, నాలుగు నోళ్ళ చుట్టూ పల్చగా తిరుగుతున్న రంగు, వెనక ఏదో ఇంగ్లీషు పాట. మాస్టర్ హ్యాండ్స్ బ్రో అని కింద జనం. కాకినాడలో నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి అది చూసి ఫోన్ చేసింది, అమ్మా, మీ సారుకి చేతులు భలే సన్నగా ఉన్నాయే అని. నేను అవునన్నాను. కన్నకూతురికి కూడా అవున్లే అని చెప్పాను, ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. సిగ్గుపడ్డాను. చేసింది నేనైతే సిగ్గు నాకెందుకు, ఆ సిగ్గు పడాల్సిన మనిషి పైన షాంపూ రాసుకుంటున్నాడు.

ఇంకా ముప్పై ఐదు నిమిషాలు. ఓవెన్ గాజులోంచి చూస్తే రంగు ఇంకా తడిమెరుపు మీదే ఉంది, అది పోవాలి, పోయి మట్టిరంగులోకి తిరగాలి, తిరిగే ముందు ఒక వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నాకు లోపల భయం, ఈసారైనా బాగా వచ్చిందంటారా అని. ఎందుకంటే ఇప్పటిదాకా ఒక్కటీ బాగా రాలేదు. చెయ్యడం, చల్లారాక సార్ దాన్ని దుప్పట్లో చుట్టి కారు డిక్కీలో పెట్టుకుని అజ్మతుల్లాకి చూపిస్తానని అల్ ఖూజ్ పోవడం, సాయంత్రం తిరిగొచ్చి ఇంకో తుప్పు ముక్కని నా ముందు పడెయ్యడం. బాగా రాలేదట అచ్చాయమ్మా, ఇది ప్రయత్నించు. ప్రతిసారీ అదే మాట. తిట్టరు, అరవరు, తల ఒక పక్కకి వంచి, పాపం అన్నట్టు. బాగా రాలేదట. కుడివైపుది మాత్రం పోయిన వారం, సరేలే ఇక ఇదే పెట్టేద్దాం అని బండికి బిగించేశారు, నా మీద దయ తలిచినట్టు. అజ్మతుల్లాని అడిగితే, చేయి ఇంగా కుదరాలక్కా, ఇంగ రెండు మూడు చేస్తే కుదురుద్ది, అప్పుడు సార్‌ని అడుగుతా నీ గురించి అన్నాడు. అరచేతులు చూసుకుని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. గుండిగలు తోమిన మోటు చేతులు, వీటికి సన్న పని ఎక్కడ పట్టుబడుతుంది అని. రాత్రి పడుకుని కూడా ఆ నాలుగు నోళ్ళ చుట్టూ కుంచె తిప్పుకునేదాన్ని, ఎక్కడ మందం అయింది, ఎక్కడ జారింది అని. పిచ్చిదాన్ని.

గేటు చప్పుడు. ఐదు కాలేదు, నాలుగున్నరే. అజ్మతుల్లా పికప్ ఒక్కటే కాదు, దాని వెనక తెల్లటి పెద్ద బండి కూడా ఉంది. అజ్మతుల్లా ముందుగా వచ్చి, అక్కా, సేఠ్ వచ్చిండాడు, బూ రాషిద్ అని, ఈయన దగ్గర ఇట్లాంటి బండ్లు నాలుగుండాయి, స్టార్టు చేసేది సూడల్లంటే పిల్చుకొచ్చినా అన్నాడు. వెనక కాళ్ళ దాకా దిగే తెల్లటి కందూరా వేసుకున్న అరబ్బు పెద్దమనిషి, గడ్డం నెరిసింది, సలాం చెప్పాడు, నాకు కూడా చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. లేవకూడదన్నది గుర్తొచ్చి మళ్ళీ ఓవెన్ పక్కకి జరిగాను. అజ్మతుల్లా వంక చూశాను, అడిగావా అన్నట్టు. అతను కళ్ళతో ఆగమన్నాడు. ఎన్ని నెలలు ఆగను నేను, ఎనిమిది నెలల నుంచీ ఆగమనే.

బూ రాషిద్ ఎర్ర బండి బానెట్ లోపలికి వంగి కుడివైపు మానిఫోల్డు చూశాడు. వేలితో ముట్టుకోకుండా, వేలు దాని మీద గాలిలో తిప్పుతూ చూశాడు. తర్వాత ఫోన్ తీసి అజ్మతుల్లాకి చూపిస్తూ, సేమ్ సేమ్, ఏక్‌దమ్ మేరే వాలే జైసా అన్నాడు, అచ్చం నా దానిలాగే ఉందని. ఆయనకి హిందీ మన కంటే బాగా వచ్చు. నీలం రంగు బండి, ఇంజను ఫొటో. నేను ఓవెన్ దగ్గర్నుంచి మెడ సాచి చూశాను, ఊరికే, ఏముందో అని. నా ఇనుము ఉంది అందులో. ఎవరైనా తన బిడ్డని గుంపులో గుర్తుపట్టరా. రెండో నోటికీ మూడో నోటికీ మధ్య పోతలో పడ్డ చిన్న గుంట, బ్రష్షు దూరక అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి తోమిన గుంట, పక్కన వంకరగా పడ్డ మూడు అంకె. ఫిబ్రవరిలో చేశాను దాన్ని. బాగా రాలేదన్నారు. ఆయన వేలితో ఫోన్ జరిపాడు, ఇంకో ఇంజను, నల్ల బండి, ఇంకో నా ఇనుము, కింద గొంతు దగ్గర చిన్న పగులుకి అతుకు వేసింది, రంజాన్ నెలలో చేసింది. అదీ బాగా రాలేదన్నారు.

ఒక బండికి ఎన్ని ఉంటాయివి? ఎప్పుడూ అడగలేదు నేను. ఇంజనుకి రెండు పక్కలు, పక్కకి ఒకటి, రెండే. నా కంటి ముందే ఉన్నాయి రెండు పక్కలూ, నాలుగేళ్ళుగా ఈ బండి చుట్టూ తుడుస్తున్నాను, రెండు పక్కలు ఉన్నాయని తెలీదా. రెండైతే నేను తొమ్మిది ఎందుకు చేశాను. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను, వేలి ముద్రలు పడ్డది, చెవి విరిగింది, గుంట ఉన్నది, అతుకుది, పొడుగుది, దేవి మేడమ్ పుట్టినరోజు నాడు చేసింది, నాకు జ్వరం వచ్చినా చేసింది, కుడివైపుది, ఇప్పుడు కాలుతున్నది. ఒక్కటీ పాడవలేదు. ఒక్కటి కూడా. గీకి మళ్ళీ వేసింది ఎవరి బండికో పోయింది, చెవి విరిగింది కూడా అతికించుకుని ఎవరి బండిలోనో తిరుగుతూ ఉంటుంది. ఏడు ఇనుములు ఈ ఊరి రోడ్ల మీద ఉన్నాయి, బాగా రాలేదని నేను ఏడ్చినవి, నెలల తరబడి నా చేతుల్ని నేను తిట్టుకున్నవి. నేను ఎలా మండిపోయానంటే, చెంపలు, చెవులు, కళ్ళ వెనక, అన్నీ. ఓవెన్ లోపలున్నది నేనే అనిపించింది.

బూ రాషిద్ బండి అవతలి వైపుకి నడిచాడు. నేను గొంతు తగ్గించి, ఏమయ్యా అజ్మతుల్లా, ఒక బండికి ఎన్నుంటాయి అన్నాను. అతనికి వెంటనే అర్థమైంది. మంచి పనివాడు, ఏ బోల్టు ఎప్పుడు విరుగుతుందో ముందే తెలిసిపోతుంది అతనికి.

"అక్కా, ఇప్పుడొద్దక్కా. సేఠ్ ఉండాడు."

"ఆయన ఫోన్లో ఉన్నయ్యి నావి కాదా?"

"నీవే. కోప్పడొద్దక్కా. సార్ బండి ఇంజను పనంతా నేను ఊరికే చేసిస్తి, గేరుబాక్సు ఊరికే చేసిస్తి. దానికి బదులు సార్ ఇయ్యి చేయించిస్తాండ్య. నాది గూడా షాపే కదక్కా, కిరాయి కట్టాల."

"మరి బాగా రాలేదనడం ఎందుకయ్యా?"

అతను నేల వంక చూశాడు. "బాగొచ్చిందంటే నువ్వు అడుగుతావని సార్ అన్న్యాడు."

"రిలీజు సంగతి అడిగావా ఎప్పుడన్నా? ఒక్కసారన్నా?"

ఏమీ అనలేదు. రాజోలు షాపాయన ఏమీ అనకపోతే బాగుందని అర్థం. ఇతను ఏమీ అనకపోతే అర్థం వేరు. ఎందుకడుగుతాడు. నేను ఇక్కడుంటే అన్నం పెట్టేది సార్, పడుకునే చోటు ఇచ్చేది సార్, ఇనుములు మాత్రం అతనికి. నన్ను షాపుకి తీసుకుపోతే నాకో కుర్చీ వెయ్యాలి. అక్కా అట. నా తమ్ముడే నన్ను ఇంత ఇష్టంగా ఎప్పుడూ పిలవలేదు. సార్ మీద నాకు ఇంత కోపం రాలేదు, సార్ సారే, ఆ తియ్యటి మాట లోపల ఏముందో నాకు మొదటి నెలలోనే తెలుసు. కానీ వీడు. వీడు విరిగిన బోల్టు పీకుతుంటే చెమట కళ్ళలో పడకుండా నా కొంగుతో తుడిచాను. వీడి పిల్లలకి రంజానుకి అరిసెలు వండి పంపాను, ఈ గరాజులో, మేడమ్‌కి తెలియకుండా. కొట్టాలనిపించింది. బల్ల మీద పాన ఉంది, పదిహేను నంబరు. చెయ్యి దాని దాకా పోయింది కూడా.

అప్పుడే సార్ దిగొచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, సెంటు వాసన, బూ రాషిద్‌ని చూసి రెండు చేతులూ చాచి, అహ్లాన్ అహ్లాన్ అని. వెనకే దేవి మేడమ్ తలుపు దగ్గర దాకా వచ్చి నిలబడ్డారు. ఓవెన్ గంట కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. నేను స్టూలు పక్కన నిలబడి ఉన్నాను, నన్నెవరూ చూడటం లేదు, గోడకి తగిలించిన గొట్టాన్ని ఎంత చూస్తారో నన్నూ అంతే. బూ రాషిద్ మళ్ళీ బానెట్‌లోకి వంగి, కుడివైపు మానిఫోల్డు మీద చూపు పెట్టి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా, ఈ పని ఎవరిదని అడిగాడు.

"యే కామ్ కిస్‌కా హై?"

"మేరా" అన్నారు సార్, నాదని. "హమారే షాప్ కా" అన్నాడు అజ్మతుల్లా, మా షాపుదని. ఇద్దరూ ఒక్కసారే అన్నారు. అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకడు ఇంట్లో కూర్చుని నేనే చేశాననుకున్నాడు, ఇంకొకడు షాపులో కూర్చుని నేనే చేశానని అమ్ముకున్నాడు, ఎదుటివాడు ఏమని చెప్పుకుంటున్నాడో ఇద్దరిలో ఒక్కడికీ తెలీదు, ఎందుకంటే నన్ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు కూడా నిజం మాట్లాడుకోలేదు. బూ రాషిద్ నడుం ఎత్తి సార్‌ని చూశాడు, అజ్మతుల్లాని చూశాడు. సార్ నవ్వబోయారు. ఆ నవ్వు చూశాక నాకు ఇంక ఆగలేదు.

"బాబా" అన్నాను. నా హిందీ క్యాంపు హిందీ, బస్సుల్లో నేర్చుకున్నది, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, అయినా ఆ ముక్కలే బయటికొచ్చాయి, వీళ్ళిద్దర్నీ ఇక్కడే మీ ముందు ఇంకోటి చెయ్యమనండి అని. "ఇన్ దోనో కో బోలో. ఏక్ ఔర్ బనాయే. ఇధర్. ఆప్‌కే సామ్నే."

మూల బస్తాలో ఇంకోటి ఉంది, నిన్ననే సార్ తెచ్చి పడేసింది, తుప్పు పట్టి, పదోది. దాన్ని కాలితో ముందుకి తోశాను. సిమెంటు నేల మీద అది చేసిన చప్పుడికి దేవి మేడమ్ అమ్మో అన్నారు. ఎవరూ కదల్లేదు. సార్ తన తెల్ల చొక్కా వంక చూసుకున్నారు, నిజంగా చూసుకున్నారు, ముందు ఆ చొక్కా, తర్వాత ఆ తుప్పు. అజ్మతుల్లా వంగబోయి ఆగాడు, బోల్టులంటే అతను రాజే గాని ఇక్కడ ఏది ముందో ఏది వెనకో అతనికి తెలీదు. బూ రాషిద్ తొందరపెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇద్దరి వంకా, పరీక్ష హాల్లో మాస్టారు నిలబడ్డట్టు నిలబడ్డాడు. చాలాసేపు. అంతసేపట్లో నేను నాలుగు నోళ్ళు తోమేదాన్ని.

"అది మా పనిమనిషండీ" అని సార్ తెలుగులో మొదలుపెట్టి, ఆయనకి తెలుగు రాదని గుర్తొచ్చి ఆగిపోయారు.

"అవునండి, పనిమనిషినే" అన్నాను. "పని నాది, మనిషిని నేను. సార్‌గారండీ, నాకు రిలీజ్ కావాలండి. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టనండి. రేపు టైపింగ్ సెంటరుకి క్యాన్సిలేషన్‌కే వస్తానండి." రిలీజ్, క్యాన్సిల్, ఈ రెండు మాటలూ ఈ దేశంలో అందరికీ తెలుసు, బూ రాషిద్ కనుబొమలు లేచాయి. ఆయన ముందు సార్ ఏమంటారు. చిన్నగా నవ్వి, "తీసుకో అచ్చాయమ్మా, నిన్నెవరన్నా కట్టేశారా" అన్నారు. ఆ మాట బూ రాషిద్ కోసం ఇంగ్లీషులో కూడా అన్నారు. సాక్షి ముందు అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నాకిచ్చిన మంచి మాట అదొక్కటే, అదీ పరువు కోసం.

అజ్మతుల్లాకి ఊపిరొచ్చింది. దగ్గరికొచ్చి, గబగబా, "అక్కా, ఇంగ నువ్వు రేపే మా షాపుకి రా. మంచి రూము సూపిస్తా. అంతా నీ ఇష్టం" అన్నాడు. ఎనిమిది నెలలు నేను నిద్రలో కూడా విన్న మాట. ఇంత తేలికా అది చెప్పడం. ఎన్నిసార్లు మోకాళ్ళ మీద కూర్చుని దీనికోసం ప్రార్థన చేశాను.

"నీ షాపుకి రాను."

"ఏందక్కా?"

"అక్కా అనకు."

వాడి మొహం మాడిపోయింది. చూసి జాలి పడతాననుకున్నాను, పడలేదు, ఇంకా కోపంగానే ఉంది, ఇంకా చాలా రోజులు ఉంటుంది, ఉండనీ. వాడు గొంతు తగ్గించి, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు, "మరి యాడికి పోతావు?" అని. వీసా గురువారం దాకా ఉంది. సుహానా పరుపు పక్కన కాస్త చోటు ఉంది. ఈ ఊళ్ళో బండ్లు చాలా ఉన్నాయి, షాపులు చాలా ఉన్నాయి, వాటిలో ఒక ఆడమనిషికి కుంచె ఇచ్చేది ఏదో నాకు తెలీదు. తెలీదు అన్నాను, గట్టిగానే అన్నాను.

తలుపు దగ్గర్నుంచి దేవి మేడమ్, ఏం జరిగిందో సగమే అర్థమై, జరగనట్టే ఉంటే సర్దుకుపోతుందనుకున్నట్టు, "అచ్చాయమ్మా, వచ్చినవాళ్ళకి టీ పెట్టు" అన్నారు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మీరు పెట్టండి మేడమ్. నాకూ ఒక కప్పు. పంచదార రెండు చెంచాలు."